పాఠకుల ప్రశ్నలు: ఫ్లూ ముదిరినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి పర్లాకిమిడి కృష్ణచంద్ర గజపతి కళాశాలలో జంతుశాస్త్రం ఆనర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఫ్లూ జ్వరం ముదిరినవారిలో రోగనిరోధక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో పరిశోధిస్తానని పట్టుబడుతోంది. బీఈడీ చేసి టీచరు ఉద్యోగం చూసుకోమని ఇంట్లో అందరూ అంటున్నారు. రొంపా జ్వరం మీద జీవితమంతా పరిశోధించడానికి ఏముంటుంది? దానితో బతుకు గడుస్తుందా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మామూలు రొంప వేరు, మనం ఫ్లూ అని పిలిచే ఇన్‌ఫ్లూయెంజా వేరు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1911, 1921 జనాభా లెక్కల నడుమ దేశ జనాభా పెరగకపోగా తగ్గిందంటే ఆ దెబ్బ ఎంతటిదో ఊహించవచ్చు. అప్పుడు పసివాళ్లు, వృద్ధులే కాక, ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వయసున్న దిట్టమైన మనుషులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. ఒకే వైరస్ సోకిన ఇద్దరిలో ఒకరు నాలుగైదు రోజుల్లో లేచి పనిలోకి వెళ్తుంటే మరొకరు ఊపిరి అందక ఆసుపత్రి పాలవడం ఎందుకన్నది అప్పటినుంచీ శాస్త్రజ్ఞులను వేధిస్తున్న ప్రశ్న. మీ అమ్మాయి ఎంచుకున్నది దాన్నే, అది చిన్న ప్రశ్న కాదు.

ఈ రంగంలో ఒక జీవితకాలం ఎలా గడుస్తుందో చెప్పడానికి ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ డోహర్టీ మంచి ఉదాహరణ. ఆయన చదివింది పశువైద్యం. కాన్‌బెర్రాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్‌తో కలిసి ఎలుకల మీద పనిచేస్తూ, వైరస్ సోకిన కణాన్ని టి కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎలా గుర్తుపడతాయో 1974లో వెల్లడించారు. టి కణం వైరస్ ముక్కను విడిగా చూడదు, మన కణం పైన ఉండే సొంత అణువుతో జతగా ఉన్నప్పుడే దాన్ని గుర్తిస్తుంది. ఆ పనికి ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది 1996లో, అంటే ఇరవై రెండేళ్ల తరువాత. డోహర్టీ ఆ అవగాహనతోనే ఇన్‌ఫ్లూయెంజా వైపు వచ్చారు. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన కేథరిన్ కెడ్జియెర్‌స్కా ఆ ప్రశ్నను ఎలుకల నుంచి ఆసుపత్రి మంచం దగ్గరికి తీసుకువెళ్లారు.

2013లో చైనాలో హెచ్7ఎన్9 అనే పక్షి ఫ్లూ మనుషులకు సోకింది. ఆ ఏడు నుంచి 2017 దాకా నిర్ధారణ అయిన రోగుల్లో మూడో వంతుకు మించి మరణించారు. షాంఘై ఆసుపత్రిలో చేరిన రోగుల నుంచి వరుసగా రక్తం సేకరించి, చైనా వైద్యులతో కలిసి కెడ్జియెర్‌స్కా బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. రెండు మూడు వారాల్లో ఇంటికి వెళ్లినవారిలో వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 రకం టి కణాలు తొలి రోజుల్లోనే బలంగా కనిపించాయి. ఎక్కువ కాలం మంచం పట్టినవారిలో అవి ఆలస్యంగా వచ్చాయి. చనిపోయినవారిలో ఆ స్పందన చాలా బలహీనంగా ఉంది. రోగనిరోధక శక్తి ఎంత ఉందన్నదాని కన్నా అది ఏ రోజున మేల్కొన్నదన్నదే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం. ఒక్కసారి రక్తం తీసి పరీక్షిస్తే ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

ఇక రోజువారీ పని. రోగి చేరిన రోజున, ఆ తరువాత కొన్ని రోజులకొకసారి, కోలుకున్నాక మరోసారి రక్తం తీసుకోవాలి. గడ్డకట్టకుండా తీసిన ఆ రక్తాన్ని పలచన చేసి, గొట్టంలో ముందుగా పోసి ఉంచిన చిక్కటి ద్రవం పైకి, గొట్టాన్ని వాలుగా పట్టుకుని, రెండూ కలిసిపోకుండా అంచు వెంబడి మెల్లగా జారవిడవాలి. సెంట్రిఫ్యూజ్ అనే వేగంగా తిప్పే యంత్రంలో పెట్టి తిప్పాక దాన్ని బ్రేకు వేయకుండా తనంతట తానే ఆగనివ్వాలి, లేకపోతే పొరలు చెదిరిపోతాయి. ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన పసుపుపచ్చని ప్లాస్మా తేలుతుంది. ఆ రెండింటి నడుమ తెల్లగా, మసకగా ఒక సన్నని వలయం ఏర్పడుతుంది. శాస్త్రజ్ఞుడికి కావలసిన టి కణాలు ఆ వలయంలోనే ఉంటాయి. దాన్ని పిపెట్‌తో జాగ్రత్తగా పీల్చి, కడిగి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద దాచిపెడతారు. ఇదంతా రక్తం తీసిన రోజే పూర్తి కావాలి. ఆలస్యమైతే కణాలు పాడవుతాయి, వాటి మీద వచ్చే ఫలితాన్ని నమ్మలేము.

మన ప్రాంతానికి ఇది నేరుగా వర్తిస్తుంది. గజపతి, రాయగడ జిల్లాల్లో జ్వరం ముదిరిన రోగిని బరంపురం పెద్దాసుపత్రికి తీసుకువచ్చేసరికే విలువైన గంటలు గడిచిపోతాయి, అంతకుముందు ఊళ్లో గడిచిన రోజులు ఎటూ ఉన్నాయి. ఆ తొలి రోజుల నమూనాలే పరిశోధనకు అన్నిటికన్నా అవసరం. మన కొండ ప్రాంతాల వారి రక్తంలో ఆ రోజుల్లో ఏం జరుగుతోందో చూడాలంటే ఇక్కడి ఆసుపత్రుల దగ్గరే, ఇక్కడి భాషల్లో రోగికి విషయం వివరించి సమ్మతి తీసుకోగలిగిన పరిశోధకులు కావాలి. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన అమ్మాయి ఈ పనికి ఎంత ఉపయోగపడుతుందో చెప్పనక్కరలేదు.

బతుకుతెరువు విషయంలో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎంఎస్సీకి ఐఐటీల జామ్ పరీక్ష గానీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష గానీ రాయవచ్చు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఎంఎస్సీ తరువాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పీహెచ్‌డీ కాలంలో ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి అది తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఇది జాతీయ పరీక్ష కాబట్టి ఒడిశాలో చదివినంత మాత్రాన మీ అమ్మాయికి ఏ లోటూ ఉండదు. అయితే పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపై మరికొన్నేళ్ల పోస్ట్‌డాక్టరల్ శిక్షణ గడిచాక గానీ స్థిరమైన ఉద్యోగం దొరకదు, అప్పటికి ముప్పై అయిదేళ్లు దగ్గర పడతాయి. పెళ్లి గురించి, ఇంటి బాధ్యతల గురించి ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడుకోండి. ఆమె పట్టుదల నిజమైనదైతే బీఈడీ కోసం ఆపవద్దని నా మనవి. ఎంఎస్సీ చేశాక కూడా బీఈడీ చేయవచ్చు.

ప్రశ్న: నాకు మందుల దుకాణం ఉంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన మామ్మగారు తేలికగా బయటపడ్డారు, ముప్పై ఏళ్ల మనవడు ఐసీయూ దాకా వెళ్లాడు. ఒంట్లో తుఫాను లేస్తుందని, స్టెరాయిడ్ వేసుకుంటే ఆగుతుందని చెప్పి ఇప్పటికీ జ్వరం రాగానే కొందరు వచ్చి అడుగుతారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: ఇవ్వకండి. డాక్టరు చీటీ లేకుండా ఫ్లూ జ్వరానికి స్టెరాయిడ్ ఇవ్వడం ప్రమాదం. తీవ్ర ఫ్లూ రోగుల మీద జరిగిన పరిశీలనల్లో స్టెరాయిడ్ అందుకున్నవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. జబ్బు బాగా ముదిరినవారికే ఆ మందు ఎక్కువగా ఇచ్చి ఉంటారు కనుక తప్పంతా మందుదే అనలేము గానీ, మేలు చేస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైన రోగులకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం పోసిందన్న మాట నిజమే, కానీ అది వేరే జబ్బు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే వైరస్ నిరోధక మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల లోపల మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగతగా ఉండడం కనిపించినా, గర్భిణికి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

మామ్మగారి సంగతికి చాలావరకు కారణం తెలిసినదే. 1957కు ముందు తిరిగిన హెచ్1ఎన్1 వైరస్‌లతో పరిచయమున్న పెద్దవారిలో చాలామందికి, అదే రకానికి చెందిన 2009 స్వైన్ ఫ్లూ వైరస్ మీద కొంత పనిచేసే యాంటీబాడీలు అప్పటికే ఉన్నాయి. మనవడి తరానికి అవి లేవు.

రోగనిరోధక వ్యవస్థ అతిగా చెలరేగి ఒంటికే హాని చేయడాన్ని తుఫాను అంటారు. ఆ మాట సగమే నిజం. 1918 వైరస్‌ను శాస్త్రజ్ఞులు 2005లో ప్రయోగశాలలో తిరిగి నిర్మించారు. 2007లో దాన్ని కోతులకు ఎక్కించి చూసినప్పుడు వాటి సహజ రోగనిరోధక స్పందన అదుపు తప్పినట్టు తేలింది. అయితే దీనికి భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. వైరస్ సోకిన కణాలు పొరుగు కణాలను హెచ్చరించడానికి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ కనుగొన్నది ఫ్లూ వైరస్‌తోనే. ఫ్లూతో ప్రాణాల మీదికి వచ్చిన ఒక చిన్నారిలో ఐఆర్‌ఎఫ్7 అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిని, ఆ ఇంటర్‌ఫెరాన్ తగినంత తయారు కావడం లేదని 2015లో తేలింది. అంటే ఆ పాపకు జరిగిన నష్టం తొలి స్పందన చాలకపోవడం వల్ల. ఎవరిలో స్పందన ఎక్కువైందో, ఎవరిలో చాలలేదో తెలియకుండా అందరికీ ఒకే మందుతో దాన్ని అణచడం ఎందుకు సరికాదో దీన్ని బట్టి మీరే గ్రహించగలరు.

ప్రశ్న: ఫ్లూ టీకా ప్రతి ఏడాదీ ఎందుకు వేయించుకోవాలి? జీవితాంతం పనిచేసే టీకా తయారు చేయలేరా?
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: ఇప్పటి టీకాలు ప్రధానంగా వైరస్ పైపొర మీది హిమాగ్లుటినిన్ అనే ప్రొటీన్‌ను యాంటీబాడీలు పట్టుకునేలా చేస్తాయి. అది తరచూ మారుతుంది కనుక టీకానూ మార్చాలి. టి కణాలు గుర్తించే లోపలి ప్రొటీన్లు అంతగా మారవు. 2009 మహమ్మారి సమయంలో లండన్ ఇంపీరియల్ కాలేజీ సిబ్బంది, విద్యార్థులు 342 మందిని పరిశీలించినప్పుడు, అటువంటి టి కణాలు ముందే ఎక్కువగా ఉన్నవారికి జబ్బు తేలికగా వచ్చిందని కనిపించింది. ఈ ఆశతోనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు లోపలి ప్రొటీన్లతో ఒక టీకా రూపొందించారు గానీ, 2019లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో మామూలు టీకాకు దాన్ని జోడించినందువల్ల ఫ్లూ కేసులు తగ్గలేదు. చేతికి సూది వేస్తే టి కణాలు రక్తంలో పెరుగుతాయి, వైరస్ దిగేది మాత్రం ఊపిరితిత్తుల్లో. అక్కడికి అవి చేరేలోపు రోజులు గడిచిపోతాయి. అందుకే ఊపిరితిత్తుల్లోనే స్థిరంగా నివసించే టి కణాలను ముందుగానే తయారుచేసి ఉంచడం ఎలాగన్నది ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో సాగుతున్న పని. ముక్కు ద్వారా ఇచ్చే టీకాల మీద అంత శ్రద్ధ పెరగడానికి ఒక కారణం కూడా ఇదే.