తాళమున్న డిబ్బీ కంటే మట్టి గల్లగురిగే మేలు

ఆరేళ్ల పాపకు పైసలు దాచుకోవడం అలవాటు చేయాలంటే తాళమున్న రేకు డిబ్బీ మంచిదా, మట్టిది మంచిదా అని అడిగారు. మట్టి గల్లగురిగే కొనండి. చాలా ఏళ్లుగా డిబ్బీలు సేకరిస్తున్నాను కనుక ఈ మాట గట్టిగా చెప్పగలను. నా అల్మారాలో లక్కపూత మెరిసే ఏటికొప్పాక కర్ర డిబ్బీ, రకరకాల రేకు పెట్టెలు, అడుగున రబ్బరు బిరడా ఉన్న ప్లాస్టిక్ పందిబొమ్మలు, జాతరల్లో కొన్న మట్టి గురిగులు ఉన్నాయి. బిరడా తీయడం తెలిసిన పిల్లల దగ్గర పైసలు వారం కూడా నిలవవు. పగలగొడితే తప్ప రూపాయి బయటికి రాని గురిగిలో మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తాయి. అందుకే నిజంగా నిండిన గురిగి ఒక్కటీ నా సేకరణలో లేదు, నిండినవన్నీ పెంకులైపోయాయి.

మా నానమ్మ గురిగి అలాంటిదే. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవని ప్రకటన వచ్చినప్పుడు, ఎవరెంత అడిగినా ముట్టనివ్వని ఆ గురిగిని ఆమే వాకిట్లో గోనెసంచి మీద పెట్టి, మూతి చుట్టూ రాయితో మెల్లగా తట్టి పైభాగం మాత్రమే విరగ్గొట్టింది. పైన రూపాయలు, వాటి కింద ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు చారానాలు, అట్టడుగున అంచులు వంపులు తిరిగిన తేలికైన అల్యూమినియం పది పైసలు వరుసగా బయటపడుతుంటే, ఏ పొర ఏ కాలంలో వేసిందో, అప్పుడు ఇంట్లో ఎవరు పుట్టారో, ఏ బర్రెను అమ్మారో ఆమె చెబుతూ పోయింది. తామరపువ్వు ఉన్న ఇత్తడిరంగు 20 పైసల బిళ్లలను లక్ష్మీపూజకని కొంగున కట్టుకుంది. మిగిలినవి మార్చడానికి మా నాన్న బ్యాంకుకు వెళితే, నూరేసి చొప్పున లెక్కపెట్టి సంచుల్లో కట్టి తెమ్మని తిప్పిపంపారు. చిల్లర తెచ్చినవారిని అంత చిన్నచూపు చూడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చిల్లరకు మర్యాద ఇంకా రాలేదు. పద్నాలుగు నమూనాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టం చేసినా, వాటిని తీసుకోని దుకాణాలు మా వైపు ఎన్నో చూశాను. రెండు రూపాయలు తిరిగి ఇవ్వాల్సిన చోట చాక్లెట్ చేతిలో పెడితే పిల్లలు గురిగిలో ఏం వేస్తారు? ఇప్పుడు ఫోనుతోనే చెల్లింపులు జరుగుతుండటంతో నాణెం ఇంటికి రావడమే తగ్గిపోయింది. కాబట్టి వారానికి ఒకసారైనా మీరు నగదుతో కూరగాయలు కొని, మిగిలిన చిల్లరను పాప చేతికే ఇవ్వండి.

కొనేటప్పుడు వేలితో తట్టి చూడండి. బాగా కాలిన గురిగి ఖంగుమంటుంది, సరిగా కాలనిది మొద్దుగా మోగుతుంది. ఇరవై రూపాయల నాణెం ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడే చీలికలో పెట్టి చూడండి. పది, ఇరవై నాణేలు రెండూ 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి కనుక, చిన్న రూపాయి బిళ్లకు సరిపోయేలా కోసిన చీలికలో అవి పట్టవు.