పవర్ తగ్గిస్తే దొంగచాటుగా వినడం ఆగుతుందా?

ప్రశ్న ఇది: రెండు సెన్సార్ నోడ్‌ల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ లింక్ ఉంది, ఒక్కోదానికి ఒకే యాంటెన్నా. పక్క గదిలో ఎవరో రిసీవర్ పెట్టి వినకుండా ఉండాలంటే పవర్ తగ్గిస్తే చాలా, ఫిజికల్ లేయర్‌లో (అంటే రేడియో సిగ్నల్ స్థాయిలోనే) ఇంకేమైనా చేయాలా?

చాలదు. పవర్ తగ్గిస్తే మీ రిసీవర్‌కీ వాడి రిసీవర్‌కీ సిగ్నల్ ఒకే లెక్కన పడిపోతుంది, మధ్యలో తేడా పెరగదు. 1975లో సమాచార సిద్ధాంతకర్త వైనర్ వేసిన బాటలో వచ్చిన లెక్క ప్రకారం, మీ ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 20 డెసిబెల్స్, వాడిది 10 అయితే ఒక్కో హెర్ట్జ్‌కి సెకనుకు 6.66 - 3.46 = 3.2 బిట్లు రహస్యంగా పంపొచ్చు. పవర్ 10 డెసిబెల్స్ తగ్గించి చూడండి, అది 2.46కి దిగుతుంది. వాడు 13 డెసిబెల్స్ ఎక్కువ గెయిన్ ఉన్న యాంటెన్నా బిగించాడా, మిగిలేది సున్నా. వాడు ఎక్కడున్నాడో, ఏం బిగించాడో మీకు తెలిసే దారి లేదు కాబట్టి ఈ అంకెను నమ్ముకుని డిజైన్ చేయకండి.

ఫ్రీక్వెన్సీ హాపింగ్ కూడా అంతే. క్లాసిక్ బ్లూటూత్ 79 ఛానళ్లలో సెకనుకు 1600 సార్లు దూకుతుంది, కానీ 80 మెగాహెర్ట్జ్ ఒకేసారి పట్టే ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) ముందు ఆ దూకుడు దాగదు. మీ రిసీవర్‌కు తగలకుండా, వినేవాడికి అడ్డుపడేలా నాయిస్ వదిలే కృత్రిమ నాయిస్ పద్ధతికి ట్రాన్స్‌మిటర్ వైపు రిసీవర్ కంటే ఎక్కువ యాంటెన్నాలు కావాలి. మీకు ఉన్నది ఒక్కటే, వదిలేయండి.

మీ హార్డ్‌వేర్‌తో నిజంగా పని చేసేది ఛానల్ నుంచి, అంటే రెండు నోడ్‌ల మధ్య సిగ్నల్ వెళ్లే దారి నుంచి, కీ (రహస్య సంఖ్య) తయారు చేసుకోవడం. ఒకే ఫ్రీక్వెన్సీలో, కొద్ది క్షణాల తేడాతో కొలిస్తే రెండు వైపులా ఫేడింగ్ (సిగ్నల్ బలంలో హెచ్చుతగ్గులు) ఒకేలా కనిపిస్తుంది. చుట్టూ ప్రతిఫలనాలు బాగా ఉంటే, అర తరంగదైర్ఘ్యం (ఇక్కడ 6 సెంటీమీటర్ల పైచిలుకు) దాటి ఉన్నవాడికి వేరేగా కనిపిస్తుంది. ఎదురెదురుగా అడ్డం లేని లింక్‌లో ఆ 6 సెంటీమీటర్ల మాట నమ్మొద్దు, వాడు ఇంకా దూరంగా ఉన్నా పోలిక మిగులుతుంది.

ఒక నోడ్ ప్రోబ్ (ఛానల్‌ను కొలవడానికి ఒక ప్యాకెట్) పంపాలి, రెండోది 2, 3 మిల్లీసెకన్లలో జవాబివ్వాలి. నడక వేగంలో, అంటే సెకనుకు మీటరు చొప్పున కదిలితే, ఛానల్ దాదాపు 50 మిల్లీసెకన్లలో మారిపోతుంది, కాబట్టి తర్వాతి ప్రోబ్ 100 మిల్లీసెకన్లకు చాలు. ప్రతి ప్యాకెట్‌కీ సీక్వెన్స్ నంబర్ తప్పనిసరి. ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే: ఒక్క ప్యాకెట్ పోతే వరుస ఒక అడుగు జరిగి, ఆ తర్వాతి బిట్లు సగానికి సగం తప్పుతాయి. చూసేవాళ్లేమో రేడియోను తిట్టుకుంటారు.

ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం కొలత) నుంచి మూవింగ్ యావరేజ్ తీసేయండి. ఏ నోడ్ సగటు ఆ నోడ్‌దే, రెండు చిప్‌ల కాలిబ్రేషన్ కలవదు. మిగిలినదాంట్లో స్టాండర్డ్ డీవియేషన్‌కి 0.3 రెట్లు పైన ఉంటే 1, అంతే కింద ఉంటే 0, మధ్యలోవి పారేయండి. పారేసిన నంబర్లు మాత్రం ఒకరికొకరు బహిరంగంగానే చెప్పుకోవచ్చు. సెకనుకు 5 బిట్లు మిగిలితే కీకి ముడిసరుకుగా 512 బిట్లు చేరడానికి రెండు నిమిషాల లోపే.

రెండు వైపులా కలవని బిట్లను క్యాస్కేడ్, బీసీహెచ్ కోడ్ లాంటి తప్పులు దిద్దే పద్ధతితో సరిదిద్దాలి. ఆ క్రమంలో బయటపెట్టిన ప్రతి బిట్‌నూ లెక్కలోంచి కొట్టేయండి. తేడా 10 శాతం ఉంటే, ఎంత మంచి కోడ్ పెట్టినా కనీసం 47 శాతం బయటపడుతుంది. 5 శాతం లోపు ఉంచుకోండి. పక్కపక్క బిట్ల పోలికకు కూడా కోత వేసుకుని ఒక్కో బిట్‌లో 0.7 వంతే నిజంగా ఊహకందనిది అనుకుంటే 512లో దాదాపు 358, అందులో 180 బయటపడితే 178. షా-256 అనే హ్యాష్‌తో కుదించి 128 బిట్ల కీ తీసుకోవచ్చు. అదే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌కి ఇవ్వాలి, ఏఈఎస్ బదులుగా కాదు.

రెండు నోడ్‌లూ గోడకు బిగించి ఉండి, గదిలో కదలికే లేకపోతే ఇదంతా వృథా. ఆర్‌ఎస్‌ఎస్‌ఐలో కనిపించే 1, 2 డెసిబెల్స్ ఊగిసలాట రిసీవర్ నాయిసే, అది రెండు వైపులా ఒకేలా ఉండదు. పైగా వినేవాడే మధ్యలో అటూ ఇటూ నడిచి, బిట్లు తను ఊహించగలిగేలా మార్చగలడు. ఒక నోడ్‌ను చేత్తో కదిలిస్తూ కీ తీసుకుని, తర్వాత బిగించడం నయం.

ఇంకొకటి, ప్రోబ్‌కు జవాబిచ్చింది మీ నోడేనని ఛానల్ చెప్పదు. ఫ్యాక్టరీలోనో ఫ్లాష్ చేసేటప్పుడో ఒక చిన్న ఉమ్మడి కీ పెట్టి, ప్రోబ్‌లకూ సరిదిద్దే సందేశాలకూ దాంతో హెచ్‌మ్యాక్ (పంపింది ఎవరో రుజువు చేసే ముద్ర) జోడించండి.