ప్లేట్‌లెట్ పరీక్ష మొదలుపెడుతున్న హైమకు

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి హైమకు ఆశీస్సులు.

మీ ల్యాబులో ప్లేట్‌లెట్ అగ్రిగేషన్ పరీక్ష మొదలవుతోందనీ, ఆ బాధ్యత నీకు అప్పగించారనీ విని చాలా సంతోషించానమ్మా. మెషీన్ నడపడం కంపెనీ ఇంజనీరు నేర్పుతాడు. రక్తం ఆ మెషీన్‌ను చేరేలోపు జరిగే పని గురించే నేను రాస్తున్నాను, ఎందుకంటే ఈ పరీక్షలో తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి.

ప్లేట్‌లెట్లంటే రక్తస్రావాన్ని ఆపే చిన్న రక్తకణాలు. వాటి కౌంట్ మామూలుగా రెండున్నర లక్షలున్నా అవి ఒకదానికొకటి అతుక్కోలేకపోతే రక్తస్రావం ఆగదు. ఆ గుణాన్ని కాంతితో కొలిచే పద్ధతిని గుస్తావ్ బోర్న్ 1962లో ప్రకటించాడు. ప్లేట్‌లెట్లు విడివిడిగా తేలుతున్న ప్లాస్మా మబ్బుగా ఉంటుంది. ఏడీపీ, కొల్లాజెన్ వంటి ప్రేరకం వేసినప్పుడు అవి గుమికూడితే ప్లాస్మా తేటపడి కాంతి ఎక్కువగా దాటుతుంది.

రోగికి ముందుగానే ఫోన్ చేసి మందుల సంగతి కనుక్కో. ఒక్క ఆస్పిరిన్ మాత్ర తగిలిన ప్లేట్‌లెట్ తాను బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు, కోలుకోదు. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే మనవాళ్లు బీపీ, షుగర్ మాత్రలు చెబుతారే గాని, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రను మందుగా లెక్కపెట్టరు. అందుకే దాన్ని విడిగా అడగాలి. అయితే గుండె జబ్బుకు డాక్టరు రాసిన మాత్రను ఆపమని నువ్వు ఎన్నడూ చెప్పకు, ఆ నిర్ణయం డాక్టరుదే.

రక్తాన్ని, అది గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సిట్రేట్ ఉన్న ట్యూబులో గీత వరకు తీసుకోవాలి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. కౌంటుకు వాడే ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే మరో రసాయనం) ట్యూబు దీనికి పనికిరాదు, ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి కావలసిన కాల్షియాన్ని అది గట్టిగా పట్టేస్తుంది. చేతికి కట్టు వదులుగా కట్టు, 21 గేజి సూది వాడు, మొదటి ట్యూబును ఈ పరీక్షకు వాడకు.

ఇక చల్లదనం. మన ఊరి ఎండకూ ఉక్కకూ భయపడి శాంపిల్‌ను ఐస్ పెట్టెలో పెట్టడం చాలామందికి అలవాటు. చలి తగిలితే ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకుని ముందే ప్రేరేపితమవుతాయి. నేను పనిచేసిన ఒకచోట గాజువాక నుంచి అలా ఐస్‌లో వచ్చిన ఒక పిల్ల శాంపిల్‌లో ఏ ప్రేరకానికీ సరైన స్పందన రాలేదు. ఆ పిల్లకు పుట్టుకతో జబ్బుందని రిపోర్టు ఇచ్చేశారు. పిల్లను ల్యాబుకే పిలిపించి మళ్లీ చేస్తే అంతా మామూలుగా ఉంది. ఆ తల్లి పడ్డ వేదన నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ట్యూబును తెప్పించుకోకు, మనిషినే పిలిపించు. రక్తాన్ని 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో సుమారు 200 జీ (భూమ్యాకర్షణకు 200 రెట్లు) బలంతో పది నిమిషాలు, బ్రేకు వేయకుండా తిప్పి, పైన తేలిన ప్లాస్మాను అరగంట కదపకుండా ఉంచి, రక్తం తీసిన నాలుగు గంటల్లోపు పరీక్ష ముగించు. అదే రోజు ఆరోగ్యవంతుడి రక్తం కూడా పక్కనే నడపాలి.

గ్రాఫులు చదివేటప్పుడు రిస్టోసెటిన్ అనే ప్రేరకం మీద దృష్టి పెట్టు. దానికి ఒక్కదానికే స్పందించి మిగతావాటికి కదలకపోతే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోలేని పుట్టుజబ్బు గ్లాంజ్‌మన్‌ను అనుమానించాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే అది బయటపడుతుంది; మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో బంధుత్వం అడగడం తప్పనిసరి, కాని తప్పుపట్టే గొంతుతో అడగకు. రిస్టోసెటిన్‌కు మాత్రమే స్పందన లేకపోతే, ఆరోగ్యవంతుడి ప్లాస్మా కలిపి చూడు: స్పందన సరిపడితే ప్లాస్మాలోని వాన్ విలిబ్రాండ్ అనే ప్రోటీన్ లోపం, సరిపడకపోతే ప్లేట్‌లెట్లలోనే లోపమున్న బెర్నార్డ్ సూలియర్ అనే పుట్టుజబ్బు కావచ్చు. రెండో దానిలో ప్లేట్‌లెట్లు మరీ పెద్దవిగా ఉండి కౌంటర్ లెక్కకు అందకుండా పోతాయి కనుక స్లైడు నీ కళ్లతోనే చూడాలి.

అసాధారణంగా వచ్చిన ఏ గ్రాఫునూ మరో రోజు కొత్త రక్తంతో మళ్లీ చేయకుండా సంతకానికి పంపకు. మొదటి నెల గ్రాఫులన్నీ దాచి ఉంచితే, ఒక ఆదివారం ఇంటికి తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు