డాక్టర్లే రాసినా మా హెల్త్ సైట్‌ని ఎందుకు నమ్మట్లేదు? డిజైన్ వల్లేనా?

షుగర్, బీపీల మీద డాక్టర్లతో రాయించినా చదివినవాళ్లు "ఇది నమ్మొచ్చా?" అంటున్నారని అడిగారు. సగం తప్పు డిజైన్‌దే అయ్యుంటుంది. 2002లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2,684 మందికి సైట్లు చూపించి ఏది నమ్మదగ్గదో, ఎందుకో చెప్పమంటే, 46.1 శాతం వ్యాఖ్యల్లో సైటు కనిపించే తీరే వచ్చింది.

తెలుగు సైటుకి లోగో, రంగుల కంటే ముందు అక్షరం చూసుకోవాలి. ఇంగ్లిష్ కోసం చేసిన థీమ్‌లో శీర్షికల లైన్ హైట్ (అక్షరం సైజుతో పోలిస్తే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు) తరచూ 1.2 దగ్గరుంటుంది. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకి తగులుతాయి. ఆ శీర్షిక పెట్టెకి ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటిన భాగాన్ని దాచేసే సెట్టింగ్) ఉంటే ఒత్తు సగానికి తెగుతుంది. చదివేవాళ్లకి కారణం తెలీదు గానీ, ఎక్కడి నుంచో తెచ్చి అతికించారనిపిస్తుంది. ఫోన్లో అక్షరం 18 పిక్సెళ్లు, లైన్ హైట్ 1.7 పెట్టి చూడండి. మండలి ఫాంట్ వాడుతుంటే మరో చిక్కు. దానికి బోల్డ్ లేదు. మీరు బోల్డ్ చేస్తే బ్రౌజరే గీతల్ని లావు చేస్తుంది, "ఘ", "ఝ" అలుక్కుపోతాయి. శీర్షికలకి నోటో సాన్స్ తెలుగు బోల్డ్ పెట్టుకోండి.

తర్వాత ప్రకటనలు. మాత్ర మోతాదు చదువుతుండగా పైన ప్రకటన లోడై పేరా కిందికి జారితే, వేలు పోయి ప్రకటన మీద పడుతుంది. ఆ ప్రకటన డబ్బాకి ముందే మిన్ హైట్ (కనీస ఎత్తు) ఇచ్చేయండి. గూగుల్ లెక్క ప్రకారం సీఎల్ఎస్ (పేజీలోని భాగాలు ఇలా ఎంత జారుతున్నాయో చెప్పే కొలత) 0.1 దాటకూడదు. "వారంలో షుగర్ మాయం" తరహా ప్రకటనలైతే గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌లో బ్లాక్ చేయాల్సిందే. డాక్టర్ మాట పక్కన అవి కనపడితే డాక్టరే పలుచనవుతారు.

రచయిత పేరు దగ్గర "అడ్మిన్" తీసేసి డాక్టర్ పేరు, డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ వేయండి. పాత వ్యాసానికి ఇవాళ్టి తేదీ తగిలించే ప్లగిన్ ఉంటే ఆపేయండి (అది మోసమే). డాక్టర్ చివరిసారి సరిచూసిన తేదీ చాలు.

"100% సురక్షితం" ముద్రలు, తాళం బొమ్మలు మాత్రం వద్దు. ముస్తాబు ఎవరైనా కాపీ కొట్టగలరు. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులకే ఇచ్చే డాట్ బ్యాంక్ డాట్ ఇన్ సైటు చిరునామాకి మారాలని ఆర్బీఐ చెప్పింది అందుకే. ఆ చిరునామాలిచ్చేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. మీకు అలాంటి చిరునామా దొరకదు కాబట్టి రిజిస్ట్రేషన్ నంబర్ పక్కనే కౌన్సిల్ సైటు లింకు ఇవ్వండి, అనుమానమున్నవాళ్లు అక్కడే చూసుకుంటారు.