ఉప్పునీటి తొట్టెకు నీటి పరీక్షలు: పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలూ అంకెలూ చూశాను. 120 లీటర్ల తొట్టెలో రాళ్లు పేర్చి, ఉప్పునీళ్లు పోసి, కుళ్లడానికి ఒక పచ్చి రొయ్య ముక్క వేసి మూడు వారాలైందనీ, ఇప్పుడు అమోనియా 0.25, నైట్రైట్ 2, నైట్రేట్ 40 పీపీఎమ్ (పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు) చూపిస్తున్నాయనీ, దుకాణం అతను మాత్రం ఒక సీసా బాక్టీరియా పోసి ఈ ఆదివారమే రెండు క్లౌన్ చేపలు వేసుకోమంటున్నాడనీ రాశావు. వేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఆ మూడు అంకెల్లో దేన్ని నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో ముందు తేల్చుకోవాలి. భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో పనిచేసినన్నాళ్లూ నాకు పదేపదే ఎదురైన విషయం ఒకటే: నీళ్లను అనుమానించే ముందు పరీక్షను అనుమానించాలి.

నైట్రైట్ ట్యూబులో వచ్చిన ఆ వంకాయరంగులో మోసం లేదు. రొయ్య ముక్క కుళ్లి విడుదల చేసిన అమోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఆ నైట్రైట్‌ను మరో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. రెండో రకం ఆలస్యంగా పుంజుకుంటుంది కనుక మూడో వారంలో నైట్రైట్ పేరుకోవడం మామూలే. మొత్తం వ్యవహారం కుదుటపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉప్పునీళ్లలో క్లోరైడ్ ఎక్కువగా ఉండడం వల్ల నైట్రైట్ చేపలకు మంచినీళ్లలో చేసినంత హాని చేయదని నీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆ మాట నిజమే. కానీ నేను నైట్రైట్‌ను చూసేది విషంగా కాదు, పని ఇంకా పూర్తికాలేదన్న గుర్తుగా.

నీ నైట్రేట్ 40 మాత్రం నమ్మదగినది కాదు. ఆ పరీక్ష కిట్ నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, దానికి రంగు తెప్పిస్తుంది. నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే అదీ రంగులో కలిసిపోయి అంకెను పెంచేస్తుంది. నైట్రైట్ సున్నాకు వచ్చేవరకు నైట్రేట్ సీసా మూత తీయనక్కర్లేదు.

ఇక అమోనియా 0.25. ఫొటోలో ఆ ట్యూబును తొట్టె మీది నీలి లైటు కింద పట్టుకున్నావు. ఆ వెలుతురులో నిమ్మపండు పసుపు కూడా లేత మామిడాకు పచ్చలాగే కనిపిస్తుంది. రేపు ఉదయం కిటికీ దగ్గర, తెల్ల కాగితం ముందు రెండు ట్యూబులు పెట్టు. ఒకదానిలో తొట్టె నీళ్లు, మరోదానిలో ఆర్వో నీళ్లు తీసుకొని, రెండింటికీ ఒకేసారి ఒకే పరీక్ష చెయ్యి. రెండూ ఒకే పసుపులో ఉంటే నీ 0.25 కంటి భ్రమ, తేడా కనిపిస్తే నిజం. ఇంత చిన్న అంకెకు ఇంత పట్టింపు ఎందుకంటావేమో. అమోనియాలో చేపను చంపే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టెతో పోలిస్తే 8.2 ఉన్న నీ తొట్టెలో అది పది రెట్లకు పైగా ఉంటుంది. కనుక అక్కడ చెల్లిపోయిన 0.25 ఇక్కడ చెల్లదు.

చేతి పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. ట్యూబును పంపు నీళ్లతో కడిగి వదిలేయకుండా, పరీక్షించబోయే నీళ్లతోనే రెండు మూడు సార్లు జాడించాలి. నీటి ఉపరితలం అంచుల్లో పైకి, మధ్యలో కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగుభాగం 5 మిల్లీలీటర్ల గీతను తాకాలి. చుక్కల సీసాను ఏటవాలుగా కాకుండా నిలువునా బోర్లించి పట్టుకుంటేనే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో పడతాయి. ట్యూబును బొటనవేలితో మూసి కుదపవద్దు, వేలికి ఉన్నదంతా నీళ్లలోకి దిగుతుంది. కిట్ కాగితం ఐదు నిమిషాలు ఆగమంటే ఫోనులో అలారం పెట్టుకొని ఐదు నిమిషాలే ఆగు.

నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకొని గట్టిపడుతుంది. రిటైరయ్యాక ఇంట్లో పెట్టుకున్న తొట్టెలో నేను ఎనిమిది నెలల పాటు నైట్రేట్ 5 అని పుస్తకంలో రాసుకుంటూ పోయాను. నీళ్లు అంత శుభ్రంగా ఉంటే అద్దానికి రెండు రోజులకొకసారి పచ్చటి పాచి ఎందుకు పడుతోందని మీ పెద్దమ్మ అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రోజు సీసాను బల్లకేసి నాలుగు దెబ్బలు కొట్టి, అర నిమిషం గట్టిగా కుదిపి, చుక్కలు వేశాక ట్యూబును మరో నిమిషం కుదిపి చూస్తే లోపల నీళ్లు కుంకుమ రంగుకు తిరిగాయి. ఇన్నేళ్లు నీళ్లు పరీక్షించినవాణ్ణి, సీసా మీద రాసిన సూచన చదవలేదు.

ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు), అంటే మంచినీళ్లతో పోల్చిన సాంద్రత సుమారు 1.026 దగ్గర ఉంచు. ఉప్పదనం కొలిచే నీ రిఫ్రాక్టోమీటరును ఆర్వో నీళ్లతో సున్నాకు సరిచేశానన్నావు, అది చాలదు. సున్నా దగ్గర సరిగ్గా చూపే సాధనం 35 దగ్గర తప్పు చూపవచ్చు, అందుకే 35 పీపీటీ ప్రామాణిక ద్రావణం చిన్న సీసా ఒకటి కొని దానితో సరిచూడు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు అయితే ముల్లుకు అంటిన గాలిబుడగలే దాన్ని పైకి లేపి ఉప్పు ఎక్కువున్నట్టు చూపిస్తాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది: 120 లీటర్లలో 6 లీటర్లు ఆవిరైతే నీ 35 కాస్తా దాదాపు 37 అవుతుంది, హైదరాబాదు ఎండల్లో ఫ్యాను కింద ఆ 6 లీటర్లు పోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. అద్దం మీద మార్కరుతో గీత గీసి, తగ్గినంత మేర రోజూ ఉప్పులేని ఆర్వో నీళ్లే పోస్తూ ఉండు.

ఆ ఆర్వో నీళ్ల మీద కూడా ఒక కన్ను వేయాలి. వంటగదిలోని యంత్రాలు చాలావరకు తాగడానికి రుచిగా ఉండాలని వడకట్టిన నీళ్లలో కొంత మామూలు నీరో, ఖనిజాలో తిరిగి కలుపుతాయి. నీళ్లలో కరిగి ఉన్నవాటిని కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడు; సున్నాకు దగ్గరగా లేకపోతే ఆ కలిపే అమరికను మూయించు, లేదా అక్వేరియంకు వేరే ఫిల్టరు పెట్టించు. తమ్ముడు విశాఖ తీరం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చిస్తానన్నాడట. తాపత్రయం మంచిదే కానీ, మేము హేచరీలో ఆ నీళ్లనే ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కొట్టి, ఆ క్లోరిన్ పోగొట్టాకే వాడేవాళ్లం. పైగా వానాకాలం తర్వాత నదుల నీరు కలిసి అక్కడి ఉప్పదనం పడిపోతుంది.

పీహెచ్ తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది కనుక ఎప్పుడు చూసినా ఒకే వేళకు చూడు. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల కూడా అది తగ్గుతుంది, 7.9 కనిపించగానే పీహెచ్ పెంచే మందు పోయకుండా ముందు కిటికీ తెరిచి చూడు. దానికంటే ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే శక్తి, ముఖ్యం; అది దాని కొలమానమైన డీకేహెచ్‌లో 7 నుంచి 11 మధ్య నిలకడగా ఉండాలి. కాల్షియం, మెగ్నీషియం కిట్లు పగడాలు పెట్టే నాటికి కొనుక్కోవచ్చు, ఇప్పుడు డబ్బు దండగ.

ఇప్పుడు చేయవలసింది: మిగిలిన రొయ్య ముక్క తీసేసి, రెండు రోజులకొకసారి అమోనియా, నైట్రైట్ చూడు. రెండూ సున్నాకు వచ్చాక అమోనియం క్లోరైడ్‌తో అమోనియాను 2 పీపీఎమ్‌కు తెచ్చి, బాక్టీరియా దాన్ని మార్చేసిందో లేదో 24 గంటల తర్వాత మళ్లీ చూడు. రెండూ సున్నా అయితే మరోసారి అదే చెయ్యి. అప్పుడూ సున్నాయే అయితే, నైట్రేట్ 20 కంటే దిగువకు వచ్చేలా కొంత నీరు మార్చి, క్లౌన్ జంటను తెచ్చుకో. చేపలు వచ్చిన మొదటి వారం రోజూ అమోనియా చూడాలి. రంగు తిరిగితే ఆర్వో ట్యూబుతో పోల్చి నిర్ధారించుకొని, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న కొత్త ఉప్పునీళ్లతో పావు వంతు మార్చు. ప్రతి అంకె పక్కనా తేదీ, వేళ, ఉష్ణోగ్రత, ఆ రోజు తొట్టెలో పోసినదేమిటో రాసుకో.

కిటికీ దగ్గర రెండు ట్యూబులూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో రేపు పంపించు. కిట్ మీద గడువు తేదీ కూడా ఫొటోలో కనపడేలా తియ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న