పది నెలల పాప ఇంకా నిలబడలేదు, కంగారు పడాలా?

మధురవాడ నుంచి అడిగిన అమ్మకు: పాప పట్టు లేకుండా నిలబడటం లేదని, అదే వయసున్న ఎదురు ఫ్లాట్ బాబు అప్పుడే నడుస్తున్నాడని రాశారు. టెన్షన్ పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలు దాదాపు 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడక మొదలుపెడతారు. కొందరు దోగాడకుండానే నడిచేస్తారు. నెలలు నిండకముందే పుట్టి ఉంటే, పుట్టిన రోజు నుంచి కాకుండా, డెలివరీకి డాక్టర్ ముందుగా చెప్పిన తేదీ నుంచి వయసు లెక్కేయండి.

నేనైతే కాళ్లకంటే ముందు చెవులు, చేతులు, నోరు చూడమంటాను. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? "బబ్బబ్బ", "తతతత" అంటుందా? దుప్పటి మీది దారప్పోగును బొటనవేలు, చూపుడువేలితో తీయబోతుందా? ఇవి ఉంటే ఎదుగుదల బాగానే సాగుతోందన్నమాట.

వాకర్ మాత్రం కొనకండి. అది నడక నేర్పదు, పైగా ప్రమాదం.

9 నెలలు దాటినా కూర్చోలేకపోయినా, ఏడాదికి ఊసులు, సైగలు లేకపోయినా, 18 నెలలకు నడవకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. వచ్చిన మాట, వచ్చిన పని పోతే ఏ వయసులోనైనా ఒక్క రోజు కూడా ఆగొద్దు. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు టీకాల కార్డు పట్టుకెళ్లండి.