అమ్మినవాడేడి?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి చిరాకుతో. టీవీ షోలు తీసే కంపెనీ బానిజే 2008లో ఫ్రాన్సులో పుట్టింది, 2010లో అమెరికాలో బునిమ్ ముర్రే అనే షోల కంపెనీని కొంది, 2016లో జోడియాక్ అనే ఇంకోదాన్ని కలుపుకుంది, 2020 జూలైలో 220 కోట్ల డాలర్ల లెక్కన ఎండెమాల్ షైన్‌ని కొంది... కొంది, కొంది, కొంది. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను, నాలుగు పేజీల్లో పందొమ్మిది సార్లు. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయిలే. కిరాణా కొట్టు చిట్టాలోనూ ఉంటాయి.

కొన్నవాడు ఉన్నాడంటే అమ్మినవాడొకడు ఉండాలి కదా, వాడేడి?

ఎండెమాల్‌నే తీసుకో, అదే తర్వాత ఎండెమాల్ షైన్ అయింది. వాన్ డెన్ ఎండే, డి మోల్ అని ఇద్దరు డచ్చివాళ్ళు 1994లో తమ కంపెనీలతో పాటు పేర్లు కూడా అతికించి పెట్టిన సంస్థ. 1999లో బిగ్ బ్రదర్, అంటే మన బిగ్ బాస్‌కి మూలమైన షో, మొదలైంది. మరుసటి ఏడాదే టెలిఫోనికా అనే స్పెయిన్ ఫోన్ల కంపెనీకి 550 కోట్ల యూరోలకు అమ్మేశారు. అప్పుడప్పుడే కాపుకొచ్చిన తోటని ఎవరైనా అమ్ముకుంటారా? ఇంటర్నెట్ షేర్లు ఆకాశంలో ఉన్న రోజులు, అమ్ముకున్నారు. 2007లో టెలిఫోనికా తన 75 శాతం వాటాని 260 కోట్ల యూరోలకు వదిలించుకుంటే కొన్నవాళ్ళలో మళ్ళీ అదే డి మోల్! అయితే అమ్మినప్పటి తెలివి కొన్నప్పుడు పనిచెయ్యలేదు. అప్పులు తెచ్చి కొన్నారు, కొన్నేళ్ళకే కంపెనీ అప్పిచ్చినవాళ్ళ చేతికి పోయింది. ఇక నీ హీరో, బానిజే పెట్టిన స్టెఫాన్ కూర్బీ, అంతకుముందు ఎండెమాల్ ఫ్రాన్స్‌ని నడిపినవాడే. తను పనిచేసిన ఇంటినే, బానిజే పెట్టిన పన్నెండేళ్ళకి కొనుక్కున్నాడు. ఇంత కథని నువ్వు ‘గతంలో అనుభవం ఉంది’ అని మూడు ముక్కల్లో తేల్చేశావు.

నీ తప్పు కాదులే, మా ఎడిటర్లు నేర్పిన అలవాటు. వాళ్ళకి ప్రతి కంపెనీ కథా సక్సెస్ స్టోరీ కావాలి. ఒకాయన నా వ్యాసంలో అమ్మినవాళ్ళ పేరా మొత్తం కొట్టేసి ‘పాఠకుడికి ఈ ఏడుపు ఎందుకండీ’ అన్నాడు. అదే పేజీలో ఆయన వేసుకున్న సగం పేజీ ప్రకటన కొన్న కంపెనీదే.

నాకెందుకింత పట్టింపంటే, నేనూ అమ్ముడుపోయినవాణ్ణే. కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటూ ఒక డైలీ సీరియల్‌కి మాటలు రాసేవాణ్ణి, ఎపిసోడ్‌కి ఇంతని. ఒక సోమవారం ఆఫీసుకి వెళితే బోర్డు మారిపోయింది. స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. రెండు నెలల నా బాకీ అడిగితే ‘పాతవాళ్ళని అడగండి’ అన్నారు. పాతాయన్ని అడిగితే ‘అన్నీ వాళ్ళకే రాసిచ్చేశానయ్యా’ అన్నాడు. సీరియల్ మాత్రం ఇంకో ఏడాదిన్నర నడిచింది, ‘మాటలు’ అని టైటిల్స్‌లో వేరే పేరు. నేను రాసిచ్చిన ముప్ఫై ఎపిసోడ్లకి కూడా అదే పేరు వేశారు, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తితే ఛానెల్ మార్చేస్తుంది. ఆ ఒప్పందం గురించి పేపర్లో వచ్చిన వార్తలో ‘విస్తరణ’ అనే మాట ఉంది.

అందుకే చివరి పేజీలో మీ అమ్మమ్మ దగ్గర ఆగిపోయాను. బిగ్ బాస్ చూస్తూ ‘ఈ ఇల్లు నాగార్జునదా?’ అని ఆవిడ అడిగిందని రాశావు చూడు, అదొక్కటే నీది. అది అన్నపూర్ణ స్టూడియోలో వేసిన సెట్టు, షో తీసేది ఎండెమాల్ షైన్ ఇండియా, దాని పైన బానిజే, ఆ ఆట పుట్టింది నెదర్లాండ్స్‌లో. ఆవిడకి జవాబు చెప్పుకుంటూ వెనక్కి వెళ్ళు, ప్రతి గుమ్మం దగ్గరా ఎవరు తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోయారో, ఎంతకి, ఎందుకు అని అడుగు.

పారితోషికం సంగతీ, ఇంగ్లీషులో రాస్తే మేలా అన్న సంగతీ తర్వాత మాట్లాడదాం. కొత్త ప్రతి పంపేటప్పుడు, కంపెనీలు కలిస్తే బలం పెరుగుతుందని చెప్పడానికి వాడావే, ఆ సినర్జీ అన్న మాట మాత్రం తీసేసి పంపు.

మీ అన్నయ్య